మేలిముసుగూ, అద్దమూ

యూరప్ శిల్పాలు చూడాలంటే విమానమే ఎక్కనక్కర్లేదండీ. మా చెంగిచెర్ల వాళ్ళం బస్సులో ఉప్పల్ వెళ్ళి మెట్రో రైలెక్కి, పరేడ్ గ్రౌండ్స్‌లో మారి, మహాత్మాగాంధీ బస్‌స్టేషన్ దగ్గర దిగితే చాలు. మూసీ గట్టునే సాలార్‌జంగ్ మ్యూజియం. శుక్రవారం మాత్రం వెళ్ళకండి, సెలవు.

లోపలికెళ్ళిన ప్రతివాళ్ళూ ముందు అడిగేది రెబెకా గురించే. ఇటలీ శిల్పి బెంజోనీ చెక్కిన పాలరాతి బొమ్మ అది. నిజాం దివాను మొదటి సాలార్‌జంగ్ 1876లో యూరప్ యాత్ర చేసినప్పుడు రోములో కొన్నారు. వాడీ నుంచి సికిందరాబాదుకు రైలు పడి అప్పటికి రెండేళ్ళే!

"అబ్బ! రాతిలో ఎంత పల్చటి ముసుగో!" అంటారు చూసినవాళ్ళు. నిజమే. ముసుగులోంచి ముక్కూ పెదవులూ తెలిసేలా చెక్కడం సామాన్యమైన పనితనం కాదు. ఆ పనితనానికి దణ్ణం పెట్టాక నాకో సందేహం మిగులుతుంది. ఇంతకీ ఈ అమ్మాయి ఎవరు?

తెలుగు బైబిలులో ఈమె రిబ్కా. బావి దగ్గర ఎవరో బాటసారికీ, అతని పది ఒంటెలకూ నీళ్ళు తోడిపోసిన పిల్ల. ఒంటెల దాహమంటే చెంబెడు నీళ్ళతో తీరేది కాదు కదా! ఇంకో పదిరోజులు ఉంచుకుంటామని పుట్టింటివాళ్ళు అంటున్నా, వెళతానని తన నోటితో తనే చెప్పి, ఎన్నడూ చూడని పెళ్ళికొడుకు కోసం దూరదేశం బయల్దేరింది. అతను ఎదురొస్తున్నాడని తెలిసి, ఒంటె దిగి ముసుగు వేసుకుంది.

అంత దారి ప్రయాణించి వచ్చిన మనిషి ఆ రాతిలో ఎక్కడుంది? ఒంట్లో అలసట లేదు, బెదురు లేదు, వెళతానన్న ఆ తెగింపూ లేదు. పెళ్ళికూతురి సిగ్గండీ అంటారేమో. సిగ్గుపడే పిల్ల మొహంలోనూ ఏదో ఒకటి కదులుతుంది. ఇక్కడ ముసుగు ముడతల్లో శిల్పి చెయ్యి కనిపిస్తుందే గాని పిల్ల మనసు కనిపించదు. బెంజోనీ ఈ బొమ్మను ఒకటికి మించి చెక్కాడు. అట్లాంటాలో ఒకటి, డెట్రాయిట్‌లో ఒకటి ఉన్నాయి. కొనేవాళ్ళు మెచ్చింది ముసుగునే కాబోలు!

అదే మ్యూజియంలో పంతొమ్మిదో శతాబ్దపు ఫ్రెంచి కొయ్యబొమ్మ ఒకటుంది. ఒకే దుంగలో ఇద్దరు. ముందువైపు గెటె రాసిన ‘ఫౌస్ట్’ నాటకంలోని సైతాను మెఫిస్టోఫిలిస్, తలెత్తి బోర విరుచుకుని నిలబడి ఉంటాడు. వెనకవైపు మార్గరెటా. ఆమెను చూడాలంటే వెనకున్న అద్దంలోకి చూడాలి. ఆడదాన్ని మగవాడి వీపు వెనక పెట్టారే అని మొదట ఒళ్ళు మండుతుంది. కాని కాసేపు నిలబడి చూడండి. వంచిన తల, చేతిలో ప్రార్థన పుస్తకం. తన వెనక ఎవరున్నారో ఆ అమాయకురాలికి తెలియదు, మనకు తెలుసు. నాటకంలో ఆ పిల్ల చివరికి చెరసాల పాలవుతుందని గుర్తొస్తే గుండె కలుక్కుమంటుంది.

నన్నడిగితే ఆ పాలరాతి కంటే ఈ కొయ్యే గొప్ప. పాలరాయి బట్టను చూపించింది, కొయ్య మనిషిని చూపించింది. మనం మాత్రం తక్కువ తిన్నామా? పెళ్ళికి వెళ్ళి చీర అంచూ, హారం ఎన్ని తులాలో చూసి వచ్చేస్తాం. పెళ్ళికూతురి మొహం ఎలా ఉందని ఎవరైనా అడిగితే తడుముకుంటాం.

మధ్యాహ్నం పన్నెండు కొట్టే వేళకు జనమంతా గడియారం బొమ్మ గంట కొట్టడం చూడ్డానికి పరిగెత్తుతారు. అప్పుడు అద్దం దగ్గర కాస్త చోటు దొరుకుతుంది. ఈసారి వెళితే ఆ వేళకు వెళ్ళి మార్గరెటాను తీరిగ్గా చూసి రండి.