సిఫారసు లేని అడవి

ఖాండవదహనం అనగానే మనకేం గుర్తొస్తాయి? గాండీవం, అక్షయ తూణీరాలు, తెల్లగుర్రాల రథం. అగ్నిహోత్రుడు బ్రాహ్మణ వేషంలో వచ్చి ఆకలన్నాడు, కృష్ణార్జునులు అడవిని వడ్డించారు. నేను విన్న హరికథల్లోనూ, చదివిన పిల్లల బొమ్మల భారతాల్లోనూ ఈ ఘట్టం ఇంతే. కథ రథం దగ్గరే ఆగిపోతుంది. కాలినవాళ్ళ సంగతి ఎవరూ ఎత్తరు.

మనలో మాట, ఆ ఆకలి ఎలాంటిదో చూడండి. శ్వేతకి అనే రాజుగారు పన్నెండేళ్ళు ఎడతెరిపి లేకుండా యాగం చేసి నెయ్యి ధారపోస్తే, తాగి తాగి అగ్నికి అజీర్తి చేసింది. మన ఇళ్ళల్లో అయితే ఇంత వాము నలిపి నోట్లో వేసి, ఓ పూట లంఖణం పెట్టి పడుకోబెడతాం. బ్రహ్మగారు మాత్రం ఖాండవవనంలో ఉన్న ప్రాణుల కొవ్వు తింటే తగ్గుతుందని చెప్పారు. ఎవరో మితిమీరి వడ్డిస్తే, ఇంకెవరో మితిమీరి తింటే, దానికి మందు అడవి!

అడవి ఊరికే కూర్చోలేదు. ఏనుగులు తొండాలతో, పాములు పడగలతో నీళ్ళు మోసుకొచ్చి ఏడుసార్లు మంట ఆర్పేశాయని సంస్కృత భారతం చెబుతుంది. అంత అందమైన సన్నివేశం మన బొమ్మల పుస్తకాల్లో ఎందుకు వెయ్యరో నాకు తెలీదు. ఎనిమిదోసారి అగ్ని ఒక్కడే రాలేదు, ఇద్దరు వీరుల్ని వెంటబెట్టుకొచ్చాడు. వాళ్ళు చెరోవైపు నిలబడి, పారిపోయేదాన్ని పారిపోనివ్వకుండా కొట్టారు. ఎగిరిన పక్షి బాణం తగిలి మళ్ళీ మంటలోనే పడింది. చెరువుల్లో నీళ్ళు సలసల కాగి చేపలూ తాబేళ్ళూ తేలిపోయాయి. కవి ఇదంతా దాచలేదు. దాచింది తరవాత చెప్పినవాళ్ళు.

ఇది ప్రతీక అనీ, దేవకార్యమనీ సర్దిచెప్పే పెద్దలున్నారు. ఇరావతీ కర్వే అలా సర్దుకోలేదు. మరాఠీలో ఆవిడ రాసిన ‘యుగాంత’కు 1968లో సాహిత్య అకాడెమీ బహుమతి వచ్చింది. ఇంత మారణహోమం దేనికని అందులో సూటిగానే అడిగి, పాండవులకు నేల కావలసొచ్చిందన్న వైపు వేలు చూపించారు. నాకా జవాబు నచ్చింది. కాని ఆవిడ చూపు నేల మీద ఉంది, నా కళ్ళు ఓ గూటి దగ్గర ఆగిపోయాయి.

ఆ గూడు జరిత అనే శార్ఙ్గక పక్షిది. పిల్లలు లేనివాళ్ళకు పుణ్యలోకం లేదన్నారని మందపాలుడనే ఋషి, పక్షులకైతే సంతానం త్వరగా కలుగుతుందని లెక్కవేసుకుని పక్షిగా మారాడు. జరిత నాలుగు గుడ్లు పెట్టగానే ఆయన లపిత అనే మరో పక్షితో వెళ్ళిపోయాడు. గుడ్లు పిల్లలయ్యాయి. రెక్కలింకా రాలేదు. అప్పుడు నిప్పంటుకుంది.

నలుగురినీ మోసుకుని ఎగరలేదు. ఎవర్ని వదలాలి? చెట్టు మొదట్లో ఎలుక బొరియ కనపడింది. ‘అందులో దూరండి, పైన మట్టి కప్పుతాను, మంట చల్లారాక తీస్తాను’ అంది. పిల్లలు ‘మేం మాంసపు ముద్దలం, ఎలుక కొరికి తినేస్తుంది, దానికంటే నిప్పే నయం’ అన్నారు. ‘ఆ ఎలుకను డేగ ఎత్తుకుపోవడం నేను చూశానర్రా’ అంది తల్లి. ‘ఇంకో ఎలుక ఉండదని ఏమిటి? గాలి తిరిగితే మంట ఇటు రాకపోవచ్చు. నువ్వెళ్ళమ్మా, చిన్నదానివి, నీకింకా పిల్లలు పుడతారు’ అన్నారు వాళ్ళు. రెక్కలు రాని పిల్లలు తల్లికి చెప్పిన మాట ఇది! ప్రతీక కోసమైతే కవికి ఎలుక బొరియతో పనేముంది చెప్పండి?

జరిత ఎగిరిపోయింది. పిల్లలు ఒకరి తరవాత ఒకరు అగ్నిని స్తుతించారు, బతికిపోయారు. తల్లి ఆరాటమే వాళ్ళను కాచిందనుకుంటాం కదా, ఇక్కడే కవి అసలు కిటుకు విప్పాడు. మందపాలుడు ముందుగానే అగ్నిని కలిసి, పొగిడి, ‘మా పిల్లల్ని చూసుకో’ అని మాట తీసుకున్నాడట. అంటే సిఫారసు పనిచేసిందన్నమాట.

ఆ మాట పట్టుకుని వెనక్కి చూస్తే లెక్క మొత్తం అలాగే తేలుతుంది. ఖాండవంలో అగ్ని దహించక వదిలింది ఆరుగురిని. మయుడు అర్జునుణ్ణి శరణంటూ ముందుకొచ్చాడు. అశ్వసేనుడు ఇంద్రుడి స్నేహితుడైన తక్షకుడి కొడుకు. తక్షకుడు ఊళ్ళో లేడు. తల్లి కొడుకును మింగి కడుపులో దాచుకుని ఎగరబోతే అర్జునుడు ఆమె తల నరికాడు. ఇంద్రుడు గాలివాన రేపి కుర్రవాణ్ణి తప్పించాడు. మిగిలిన నాలుగూ జరిత పిల్లలు. ఏనుగులకూ తాబేళ్ళకూ చెప్పేవాళ్ళెవరూ లేరు.

ఈ కథ మళ్ళీ తీసి చదివింది 2025 వసంతంలో. మార్చి నెలాఖరున హైదరాబాదులో, సెంట్రల్ యూనివర్సిటీ పక్కనున్న కంచ గచ్చిబౌలి 400 ఎకరాల్లోకి బుల్డోజర్లు దిగాయి. నెమళ్ళ అరుపులు ఊరందరి ఫోన్లలోనూ మోగాయి. చక్కర్లు కొట్టిన బొమ్మల్లో కొన్ని యంత్రంతో అల్లినవేనని గొడవ కూడా అయింది. అవి కల్పన కావచ్చుగాని చెట్లు కూలడం కల్పన కాదు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు తనంత తానే కలగజేసుకుని నరకడం ఆపమంది. ఆ నేల తనదనీ, రికార్డుల్లో అది అడవే కాదనీ ప్రభుత్వం వాదన. జింకలు రికార్డులు చూసుకుని కాపురం పెట్టవు గదా!

కోర్టు ఆపింది, సంతోషం. కాని పక్కనే యూనివర్సిటీ ఉంది, పిల్లలు రోడ్డు మీదికొచ్చారు, ఫోన్లున్నాయి, నగరముంది. మందపాలుడి మాట లాంటిదే అదీ. ఏ యూనివర్సిటీ పక్కనా లేని కంచల గతేమిటని నాకు ఆ రోజుల్లో నిద్ర పట్టలేదు.

భారతంలో ఆ ప్రశ్న అడగవలసినవాడు జనమేజయుడు. అర్జునుడి మునిమనవడు, కథంతా వింటున్నవాడు. ఆయన వైశంపాయనుణ్ణి అడిగిందేమిటో తెలుసా? ‘అశ్వసేనుడూ మయుడూ ఎలా తప్పించుకున్నారో చెప్పారు, ఆ పక్షులు మాత్రం ఎందుకు కాలలేదు?’ అని. మిగిలినవెందుకు కాలాయని అడగలేదు. తన తండ్రి పరీక్షిత్తును కరిచిన తక్షకుడు ఆ అడవివాడే. అశ్వసేనుడు కర్ణుడి బాణంలో చేరి అర్జునుడి మీదికే వచ్చాడు. ప్రాణం దక్కిన మయుడు కట్టిన సభలోనే దుర్యోధనుడు నీళ్ళలో పడ్డాడు. ఇన్ని ముళ్ళు ఆ అడవి బూడిదలోంచి పడుతుంటే, విన్న మనిషికి ఆశ్చర్యం నాలుగు పిట్టల మీద!

అగ్ని ‘ఏం కావాలి?’ అని అడిగితే, ‘ఈ పిల్లులు మమ్మల్ని రోజూ వేధిస్తున్నాయి, వీటిని కూడా తినెయ్యి’ అన్నాయట ఆ పిల్లలు. మూలంలో ఉంది సుమా, నేను కల్పించలేదు. పసివాళ్ళు కదా అని నవ్వొస్తుంది. తరవాత నవ్వు ఆగిపోతుంది. బతికి బయటపడ్డవాళ్ళు కూడా నిప్పును పొరుగింటికే చూపించారు.

అంతా అయ్యాక మందపాలుడు వచ్చాడు. అక్కడ లపిత ‘నీకు పిల్లల బెంగేం లేదు, నా సవతి మీద బెంగ’ అని దెప్పింది. ఇక్కడ పిల్లలు పలకరించలేదు. ‘వీళ్ళలో పెద్దాడెవరు?’ అన్నాడు. జరిత తిప్పికొట్టింది: ‘పెద్దాడితో నీకేం పని, చిన్నాడితో నీకేం పని? నన్ను దిక్కులేకుండా వదిలి ఎవరి దగ్గరికి పోయావో ఆ లపిత దగ్గరికే పో!’ దానికి ఋషిగారు భార్యల అసూయ గురించి ఓ ఉపన్యాసం ఇచ్చారు. పొగ కంపు ఇంకా పోలేదు, తెలుసునా!

నన్నయగారు కూడా ఈ మందపాలుడి కథను వదిలెయ్యలేదు. ఇంట్లో ఆదిపర్వం ఉంటే చివరి ఆశ్వాసం తియ్యండి. మొదట్నించీ చదవాలన్న నియమమేం పెట్టుకోకండి. మధ్యాహ్నం వంటిల్లు సర్దుకున్నాక ఓ అరగంట చాలు.