బాణీకి చోటెక్కడ? అభిమానుల సంగీత విజ్ఞానకోశాలలో ధ్వనిముద్రణల వర్గీకరణ - ఒక పరిశీలన

ఉపోద్ఘాతం

ఒకే పాటకు పలు ధ్వనిముద్రణలు ఉన్నప్పుడు వాటిని ఏ క్రమంలో అమర్చాలన్నది పైకి గ్రంథాలయ వ్యవహారంలా కనిపిస్తుంది. లోతుగా చూస్తే ఇది పాఠపరిష్కరణకు చెందిన సమస్యే. సి.పి. బ్రౌన్ వేమన పద్యాల ప్రతులను సేకరించి, పండితులచేత సరిపోల్పించి 1829లో ముద్రించినప్పుడు ఎదురైన చిక్కులే నేడు పాటల పట్టికలను కూర్చే అభిమానులకు మరో రూపంలో ఎదురవుతున్నాయి. ఏది మూలం? ఏది పాఠాంతరం? రెండు ప్రతుల మధ్య ఎంత భేదముంటే రెండవదాన్ని వేరుగా లెక్కించాలి?

వికీ పద్ధతిలో స్వచ్ఛంద సంపాదకులు నిర్మించే సంగీత విజ్ఞానకోశాలు ఈ ప్రశ్నలకు కొన్ని సమాధానాలను స్థిరపరచుకొన్నాయి. ఆ సమాధానాలు తెలుగు పాటకు ఎంతవరకు సరిపోతాయి, ఎక్కడ చాలవు అన్నది ఈ వ్యాసంలో పరిశీలనాంశం.

వర్గీకరణ చట్రం - దాని బలం

అంతర్జాతీయ గ్రంథాలయ సంఘాల సమాఖ్య 1998లో ప్రకటించిన గ్రంథవివరణ నమూనా ఒక కృతిని నాలుగు అంతస్తులుగా విభజించింది. అవి కృతి, దాని అభివ్యక్తి, ఆ అభివ్యక్తి ప్రచురణరూపం, చేతికందే ప్రతి. అభిమానులు నిర్వహించే మ్యూజిక్‌బ్రెయిన్జ్ వంటి కోశాలలో దీనికి దగ్గరి విభాగమే కనిపిస్తుంది. అక్కడ రచన, ధ్వనిముద్రణ, విడుదల అనేవి వేర్వేరు. ఒకే ధ్వనిముద్రణ మొదట గ్రామఫోను పలకగా, తరువాత క్యాసెట్టుగా, ఆపైన సీడీగా వచ్చినా దాన్ని మూడు పాటలుగా లెక్కించరు. పాత శబ్దాన్ని శుభ్రపరచి మళ్లీ విడుదల చేసినంత మాత్రాన అది కొత్త ధ్వనిముద్రణ కాదు. వాద్యాలనూ గళాన్నీ వేరు నిష్పత్తిలో కలిపి సిద్ధం చేసినదైతే కొత్తదే అవుతుంది.

ఈ వివేచన విలువైనది. తెలుగులో పాత పాటల జాబితాలు చాలావరకు విడుదలనే పాటగా భావించి తయారైనవి. ఒక సంకలనంలో చేరిన పాటను సంకలనం వెలువడిన సంవత్సరపు పాటగా నమోదు చేయడం అందువల్ల ఏర్పడిన దోషం. విడుదలనూ ధ్వనిముద్రణనూ విడదీస్తే ఈ కాలదోషం తొలగిపోతుంది.

చిక్కంతా పై అంతస్తులో ఉంది. సాహిత్యకర్తనూ సంగీతకర్తనూ ‘రచన’ అనే ఒకే అంతస్తులో చేర్చడం ఈ చట్రానికి సహజం. మాట, వరస ఒకటిగా పుట్టి ఒకటిగా నిలుస్తాయన్న భావన దీనికి ఆధారం. మొదటి ధ్వనిముద్రణను అసలుగా, తరువాతివాటిని ‘కవర్’లుగా గుర్తించే అలవాటు కూడా దీనితోనే వచ్చింది. పాశ్చాత్య జనరంజక గీతాలలో చాలావాటికి ఇది సరిపోవచ్చు. తెలుగులో పాట నడచిన దారి వేరు.

ఒక సాహిత్యం, పలు బాణీలు

అన్నమయ్య (1408-1503) సంకీర్తనలు ఇందుకు తొలి నిదర్శనం. తిరుమల ఆలయంలో లభించిన రాగిరేకులలో సాధారణంగా కీర్తన తలపై రాగనామం ఉంటుంది. వరసను తెలిపే స్వరం ఉండదు. గానపరంపర చాలావరకు తెగిపోయిన స్థితిలో ఈ సాహిత్యం 20వ శతాబ్దిలో అచ్చుకు వచ్చింది. నేడు వినిపిస్తున్న వరసలలో అధికభాగం రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ, నేదునూరి కృష్ణమూర్తి, మంగళంపల్లి బాలమురళీకృష్ణ, గరిమెళ్ల బాలకృష్ణప్రసాద్ మొదలైనవారు కట్టినవి.

‘నానాటి బదుకు’ కీర్తననే తీసుకొందాం. నేడు ప్రచారంలో ఉన్న రేవతి రాగపు వరస నేదునూరివారిది. ఎం.ఎస్. సుబ్బులక్ష్మి గళంలో అది దేశమంతటా వ్యాపించింది. ఇప్పుడు ఒక అభిమాని ఈ పాటకు పుట తెరిచాడనుకొందాం. చట్రంలో సంగీతకర్త అన్నచోట అన్నమాచార్యుడి పేరు చేరుతుంది. గాయని పేరు ధ్వనిముద్రణలో చేరుతుంది. నేదునూరివారి పేరుకు నియతమైన చోటు లేదు. ఆయన ఆ ముద్రణలో పాడలేదు, సాహిత్యం రాయలేదు. ‘స్వరకల్పన’ అని వివరణలో ఎవరైనా చేరిస్తే మిగులుతుంది, లేకుంటే పోతుంది.

పోయేది ఒక పేరు మాత్రమే అయితే నష్టం చిన్నదే. ఆ పేరుతోపాటు ఒక చరిత్ర పోతుంది. పుటను చదివినవారు రేవతి వరస 15వ శతాబ్దిదని నమ్ముతారు. అన్నమయ్య రాగప్రయోగాన్ని గురించి రాయబోయే విద్యార్థి ఆ నమ్మకంతోనే మొదలుపెడతాడు. అదే కీర్తనను వేరొకరు వేరే వరసలో పాడితే ఆ ముద్రణ ‘కవర్’ శీర్షిక కిందికి చేరుతుంది. ఒకటి మరొకదానికి అనుకరణ కాకపోయినా, రెండూ ఒకే రాగిరేకునుంచి వేర్వేరుగా పుట్టినవే అయినా, పట్టిక వాటిని అసలు, నకలు అని చూపుతుంది.

పాఠభేదం సంగతి కూడా ఇక్కడే తేలాలి. ముద్రిత పాఠంలో ‘బదుకు’ ఉండగా గాయకుల నోట ‘బ్రతుకు’ స్థిరపడింది. రెండు పేర్లతో రెండు పుటలు ఏర్పడితే పాట రెండైనట్లు కనిపిస్తుంది. ‘బ్రతుకు’ను తప్పుగా భావించి తొలగిస్తే లక్షలమంది విన్న రూపం నమోదు కాకుండా పోతుంది. పరిష్కర్త పద్ధతి ప్రకారం ముద్రిత పాఠాన్ని శీర్షికగా ఉంచి, గానపాఠాన్ని పాఠాంతరంగా అధోజ్ఞాపికలో చూపడం సమంజసం.

ఒక బాణీ, పలు సాహిత్యాలు

దీనికి విపర్యయం చలనచిత్ర గీతాలలో ఉంది. 1955లో వచ్చిన ‘మిస్సమ్మ’లోని ‘బృందావనమది అందరిది’ పాటకు సాహిత్యం పింగళి నాగేంద్రరావు, సంగీతం సాలూరి రాజేశ్వరరావు. అదే ఏడాది తమిళ రూపమైన ‘మిస్సియమ్మ’లో తంజై రామయ్యదాసు సాహిత్యంతో ఆ బాణీయే వినిపించింది. రెండు భాషల్లోనూ ఎ.ఎం. రాజా, పి. సుశీల పాడారు. 1957లో హిందీలో వచ్చిన ‘మిస్ మేరీ’కి సంగీతదర్శకుడు హేమంత్ కుమార్, రాజేంద్ర కృష్ణ సాహిత్యంతో అదే బాణీ అక్కడికీ చేరింది.

సాహిత్యాన్ని ఆధారం చేసుకొన్న పట్టికలో ఇవి మూడు సంబంధంలేని పాటలు. చిత్రపు సంగీతదర్శకుడి పేరును యాంత్రికంగా ఎక్కిస్తే మూడవదానిలో రాజేశ్వరరావు జాడే ఉండదు. అన్నమయ్య కీర్తనలో వరస కట్టినవారి పేరు మరుగుపడింది సాహిత్యం ఒకటే కావడంవల్ల. ఇక్కడ మరుగుపడేది సాహిత్యం వేరు కావడంవల్ల. కారణాలు ఎదురెదురుగా ఉన్నా లోపం ఒక్కటే. రెండుచోట్లా బాణీకి స్వతంత్రస్థానం లేదు.

పాఠాంతరం - రెండర్థాలు

‘పాఠాంతరం’ అన్న మాటను సాహిత్య పరిష్కర్తలూ సంగీత విద్వాంసులూ ఇద్దరూ వాడతారు. మొదటివారికి అది ప్రతులలోని భేదం. రెండవవారికి గురుశిష్య పరంపరలో సంక్రమించిన గానరూపం. త్యాగరాజకృతుల విషయంలో వాలాజాపేట, ఉమయాళ్‌పురం, తిల్లస్థానం శిష్యపరంపరల పేర్లు ఈ అర్థంలోనే వినిపిస్తాయి.

‘నగుమోము గనలేని’ కృతిని ఆభేరి రాగకృతిగా అందరూ ఎరుగుదురు. 1904లో ఎట్టయపురంనుంచి తెలుగులో వెలువడిన సుబ్బరామ దీక్షితుల ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’లో ఆభేరి శుద్ధధైవతంతో కనిపిస్తుంది. నేడు విస్తారంగా వినిపించేది చతుశ్శ్రుతిధైవతంతో పాడే రూపం. దీన్ని కర్ణాటక దేవగాంధారి అనేవారూ ఉన్నారు. ఈ కృతి జనంలోకి వెళ్లడంలో ముసిరి సుబ్రహ్మణ్య అయ్యర్ గ్రామఫోను రికార్డు పాత్ర పెద్దది. పట్టికలో రాగం ఎదుట ‘ఆభేరి’ అని మాత్రమే రాస్తే రెండు గానరూపాలూ ఒకే పేరుతో కలిసిపోతాయి. రాగనామం ఒకటైనా స్వరస్థానం వేరైనప్పుడు ఆ భేదాన్ని నమోదు చేసే చోటు కావాలి. అది సాహిత్యపు అంతస్తు కాదు. ఒక్కొక్క ధ్వనిముద్రణ అంతకన్నా కాదు. ఎందుకంటే ఒకే గానరూపాన్ని పలువురు పాడి ఉంటారు.

పాత రికార్డుల నిడివి కూడా గమనించదగినది. పది అంగుళాల 78 పలకకు ఒకవైపు పట్టేది సుమారు మూడు నిమిషాలు. చరణాలు తగ్గించడం, సంగతులు కుదించడం ఆనాటి గాయకులకు తప్పనిసరి. అలాంటి ముద్రణను విని రాసుకొన్న సాహిత్యాన్ని పూర్తిపాఠంగా పుటకెక్కిస్తే పలక నిడివి కవి రచనకు హద్దవుతుంది.

ప్రతిపాదన - ఆక్షేపణలు

పై పరిశీలననుబట్టి తెలుగు పాటకు నాలుగు అంతస్తులు అవసరమని చెప్పవచ్చు: సాహిత్యం, బాణీ, ధ్వనిముద్రణ, విడుదల. సాహిత్యపుటలో ముద్రితపాఠం, కవి సూచించిన రాగం, పాఠభేదాలు ఉండాలి. బాణీపుటలో వరస కట్టినవారు, రాగస్వరవివరం, పరంపర ఉండాలి. కర్త తెలియనప్పుడు ‘అజ్ఞాతం’ అని రాయాలే తప్ప కవికి ఆపాదించరాదు. ధ్వనిముద్రణలను ప్రసిద్ధినిబట్టి కాక కాలక్రమంలో అమర్చాలి. ‘అసలు’ అన్న మాటకు బదులు ‘లభ్యమైన తొలి ముద్రణ’ అనాలి.

దీనికి రెండు ఆక్షేపణలు రావచ్చు. రాగం నిర్దేశించినవాడు అన్నమయ్యే గనుక వరసలోనూ ఆయన భాగం ఉందన్నది మొదటిది. ఇది నిజమే. అందువల్లనే కవి చెప్పిన రాగం సాహిత్యంతోపాటు ఉండాలి. అయితే రాగం బాణీ కాదు. ఒకే రాగంలో ఎన్ని వరసలైనా కట్టవచ్చు. రెండవ ఆక్షేపణ ఆచరణకు సంబంధించింది. మనోధర్మానికి చోటున్న సంగీతంలో ఇద్దరు పాడినది ఒకే బాణీ అని ఎలా నిర్ణయించాలి? ‘ది సింగర్ ఆఫ్ టేల్స్’ (1960)లో ఆల్బర్ట్ లార్డ్ మౌఖికకావ్యాలలో ప్రతి గానమూ ఒక కొత్త రచనే అని నిరూపించాడు. ఆ వాదాన్ని అంతదాకా తీసుకుపోతే ప్రతి కచేరీకి ఒక పుట తెరవవలసి వస్తుంది. కృతిగానంలో స్థితి వేరు. సంగతులు పెరిగినా తరిగినా పల్లవి ఎత్తుగడ, తాళంలో దాని నడక నిలిచి ఉంటాయి. అవి నిలిచినంతవరకు బాణీ ఒకటే. సందేహమున్నచోట ఒకే పుటలో ఉంచి భేదాన్ని గుర్తించడం, ఆధారం దొరికాక విడదీయడం మేలు. ఒకసారి విడిపోయిన పుటలను తిరిగి కలపడం కష్టమని ప్రతులను శాఖలుగా విభజించే పరిష్కర్తలకు తెలియనిది కాదు.

ముగింపు

పత్రికలు, రికార్డు కంపెనీల జాబితాలు వదిలేసిన వివరాలను అభిమానులు ఓపికగా పోగుచేస్తున్నారు. రేపటి పరిశోధకుడికి వారి పట్టికలే తొలి ఆకరాలు కావచ్చు. అందువల్ల ఆ పట్టికల గడులను నిర్ణయించడంలో తెలుగు శాఖలు పాలుపంచుకోవలసి ఉంది. ప్రతులను సరిపోల్చే విద్య వాటికి కొత్తది కాదు. మాట ఒక శతాబ్దిది, వరస మరొక శతాబ్దిది అయిన పాటలు తెలుగులో కోకొల్లలు. వరసకు గడి లేని పట్టిక రెండవ శతాబ్దపు కృషిని మొదటి శతాబ్దపు ఖాతాలో వేస్తుంది. దానివల్ల వరస కట్టినవారికి అన్యాయం జరగడం ఒక ఎత్తు. తనది కాని వరసతో కవి చరిత్రకెక్కడం మరొక ఎత్తు.