నిందకీ హింసకీ మధ్య

2006 వేసవిలో 'ది డావిన్సీ కోడ్' సినిమాని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నిషేధించింది. సెన్సార్ బోర్డు అప్పటికే 'ఎ' సర్టిఫికెట్ ఇచ్చింది. కథంతా కల్పితం అన్న ప్రకటన కూడా వేయించింది. అయినా మా మనోభావాలు దెబ్బతింటాయని కొన్ని సంఘాలు అన్నాయి, శాంతిభద్రతలకు ముప్పని ప్రభుత్వం అంది. తమిళనాడు, పంజాబ్, గోవా, నాగాలాండ్ కూడా అదే దారి పట్టాయి. జూన్ నెలలోనే మన హైకోర్టు ఈ నిషేధాన్ని కొట్టేసింది. అభ్యంతరం చెప్పినవాళ్ళ దగ్గర అధికారి తన విచక్షణని తాకట్టు పెట్టేశాడన్న ధోరణిలో తీర్పు కాస్త ఘాటుగానే నడిచింది.

సినిమా గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. రెండున్నర గంటలసేపు టామ్ హ్యాంక్స్ మ్యూజియంలూ చర్చిలూ తిరుగుతూ పాఠం చెప్తుంటాడు. యేసు మగ్దలేనే మరియని పెళ్ళి చేసుకున్నాడు, వాళ్ళకి సంతానం ఉంది, చర్చి ఆ సంగతి దాచిపెట్టింది. ఇదీ కథలో రహస్యం. చరిత్రగా నిలవదు, కథగా పరిగెడుతుంది. నచ్చకపోవడానికి బోలెడు కారణాలున్నాయి. కానీ ఆ రోజుల్లో నా చుట్టూ వినిపించిన మాట "నచ్చలేదు" కాదు. "మనమీద హింస మొదలైంది" అని.

ఆ మాట నన్ను చాలాకాలంగా పీడిస్తోంది.

తెలుగు బైబిలు వింటూ పెరిగినవాళ్ళకి దాని బరువు తెలుసు. మామూలు తెలుగులో హింస అంటే కొట్టడం, చంపడం. లేదంటే "అబ్బా, ఏం హింసరా బాబూ" అనే విసుగు. చర్చి తెలుగులో మాత్రం అది నమ్మకం కోసం పడే బాధకి పేరు. మత్తయి సువార్తలో, కొండమీది ప్రసంగంలో ధన్యుల వరస చివర్న నిందా, హింసా, అబద్ధపు చెడ్డమాటలూ ఒకే వాక్యంలో వస్తాయి. పక్కపక్కనే ఉండటంతో అన్నీ ఒకటే అన్నట్టు చెవికెక్కుతాయి. ఎవరైనా ఓ మాటంటే చాలు, రోమన్ సింహాల బోనులో ఉన్నట్టే. కానీ ఆ వాక్యం వెనకాలే వచ్చేది సంతోషించండి అనే మాట. కలెక్టరుకి వినతిపత్రం ఇవ్వమని కాదు. పేతురు మొదటి పత్రిక ఇంకాస్త కరకు. హంతకుడిగానో, దొంగగానో, పరుల జోలికి పోయేవాడిగానో బాధపడితే అది క్రీస్తు ఖాతాలో పడదంటాడు ఆయన. పరుల జోలికి పోవడాన్ని తీసుకెళ్ళి హత్య ఉన్న జాబితాలోనే పెట్టాడంటే ఆయనకి సంఘాల సంగతి బాగా తెలుసన్నమాట.

ఈ గందరగోళం మన దగ్గరే పుట్టలేదు. 2014లో అమెరికాలో 'గాడ్స్ నాట్ డెడ్' అని ఒక సినిమా వచ్చింది. తక్కువ ఖర్చుతో తీశారు, డబ్బులు బాగా వచ్చాయి, తర్వాత భాగాలు కూడా వచ్చాయి. కాలేజీలో ఒక ఫిలాసఫీ ప్రొఫెసరు మొదటిరోజే విద్యార్థులందర్నీ దేవుడు చచ్చిపోయాడని కాగితం మీద రాసి సంతకం పెట్టమంటాడు. ఒక్క కుర్రాడు పెట్టనంటాడు. అయితే దేవుడున్నాడని క్లాసు ముందు వాదించి నిరూపించమంటాడు ప్రొఫెసరు. చివర్లో వాదనలో ఓడిపోయిన ప్రొఫెసరుని కారు గుద్దేస్తుంది. రోడ్డుమీద చనిపోతూ ఆయన క్రీస్తుని నమ్ముకుంటాడు.

ఇందులో నాకు ఆసక్తిగా అనిపించింది ఆ సంతకం. అమెరికా కాలేజీల్లో దేవుణ్ణి నమ్మని ప్రొఫెసర్లు బోలెడుమంది ఉంటారు. వాళ్ళు క్లాసులో తమ వాదన చెప్తారు. విద్యార్థి వింటాడు, ఒప్పుకోడు, హాస్టల్‌కి పోతాడు. దానిమీద సినిమా నడవదు. అందుకే కథ రాసినవాళ్ళు ఒక బలవంతాన్ని కల్పించాల్సొచ్చింది. అంటే మామూలు భేదాభిప్రాయం హింస కాదని వాళ్ళకీ లోపల తెలుసు. తెలిసే ఆ రెంటినీ కలిపేశారు. సినిమాకి ఇంకో భయం కూడా ఉంది. ఒప్పుకోని మనిషిని ఒప్పుకోనట్టే వదిలెయ్యలేదు. అతను చావాలి, లేదా మారాలి. ఇందులో రెండూ చేయించారు.

దీని పక్కన షుసాకు ఎండో నవల 'సైలెన్స్' పెట్టి చూడండి. 1966లో జపనీస్‌లో వచ్చింది, 2016లో స్కోర్సేసీ సినిమాగా తీశాడు. పదిహేడో శతాబ్దపు జపాన్. క్రైస్తవం నిషేధం. క్రీస్తు బొమ్మ ఉన్న పలకని, దాన్ని ఫుమియె అంటారు, అధికారుల ముందు కాలితో తొక్కాలి. తొక్కినవాడు ఇంటికి, తొక్కనివాడు చావుకి. పోర్చుగల్ నుంచి రహస్యంగా వచ్చిన రోడ్రిగ్స్ అనే పాదిరి పట్టుబడతాడు. అతని పాత గురువు ఫెరేరా అప్పటికే మతం వదిలేశాడు. ఈ ఫెరేరా చరిత్రలో నిజంగా ఉన్న మనిషే, 1633లో చిత్రహింసకి లొంగిపోయాడు.

ఎండో స్వయంగా కాథలిక్. అయినా క్రైస్తవానికి వ్యతిరేకంగా నవలలోకెల్లా గట్టి వాదనని ఫెరేరా చేత, విచారణాధికారి ఇనోవె చేత చెప్పించాడు. జపాన్ ఒక చిత్తడినేల, మీరు తెచ్చిన మొక్క ఇక్కడ వేరు కుళ్ళిపోతుంది, ఇక్కడివాళ్ళు కొలిచింది మీ దేవుణ్ణి కాదు, తమకి తోచినట్టు మార్చుకున్న ఇంకేదో దేవుణ్ణి. ఇది తేలిగ్గా కొట్టిపారేసే మాట కాదు. ఏ సెమినార్లోనైనా చదవొచ్చు, ఇలాంటి పత్రికలో అచ్చేయొచ్చు, కింద వందమంది పోట్లాడుకోవచ్చు. ఇనోవె కూడా మర్యాదస్తుడు. నవ్వుతూ, కథలు చెప్తూ మాట్లాడతాడు.

అయితే ఆ రాత్రి రోడ్రిగ్స్‌కి చీకటి గదిలో గురక వినిపిస్తుంది. కాపలావాడు హాయిగా నిద్రపోతున్నాడనుకుని అతనికి నవ్వొస్తుంది. అది గురక కాదని ఫెరేరా వచ్చి చెప్తాడు. గోతిలో తలకిందులుగా వేలాడదీసిన పల్లెటూరివాళ్ళ మూలుగు. రక్తం తలకెక్కి తొందరగా చావకుండా చెవి వెనక చిన్న గాటు పెట్టారు. వాళ్ళు మతం వదులుకుంటామని ఎప్పుడో చెప్పేశారు. పాదిరి పలక తొక్కేదాకా వాళ్ళని దించరు.

నా లెక్కలో నిందకీ హింసకీ మధ్య గీత ఈ మూలుగు దగ్గర ఉంది. చిత్తడినేల వాదన పగటిపూట ఎంత గట్టిదో రాత్రిపూటా అంతే గట్టిది. మాట మారలేదు. కానీ పక్కగదిలో మనుషులు వేలాడుతున్నప్పుడు దానికి "కాదు" అని జవాబు చెప్పి ఇంటికి వెళ్ళే దారి లేదు. మాట ఎంత కటువుగా ఉందన్నది కొలత కాదు. డావిన్సీ కోడ్ కటువుగానే ఉండొచ్చు, ఇనోవె మృదువుగానే మాట్లాడొచ్చు. ఒప్పుకోనన్నవాడు ఆ రాత్రి ఎక్కడ పడుకున్నాడన్నదే కొలత.

ఎండోకి హింస అంటే ఏమిటో తెలుసు కాబట్టే వాదనకి భయపడలేదనుకుంటాను. నవల వచ్చినప్పుడు జపాన్ కాథలిక్కుల్లోనే చాలామందికి నచ్చలేదు. విశ్వాసం వదిలినవాడి మీద అంత దయేమిటని. అదీ భేదాభిప్రాయమే, చక్కటి భేదాభిప్రాయం.

ఈ రెండూ ఒకే మనిషికి ఎదురైన సందర్భం చాలా పాతది. రెండో శతాబ్దంలో సెల్సస్ అనే తత్త్వవేత్త క్రైస్తవుల్ని ఏకి పారేస్తూ ఒక పుస్తకం రాశాడు. యేసు తండ్రి పంథెరా అనే సైనికుడన్నాడు. మీ మతంలో చేరేది ఆడవాళ్ళూ, పిల్లలూ, బానిసలూ, చదువురానివాళ్ళే అన్నాడు. డాన్ బ్రౌన్ దీని ముందు పెద్దమనిషి. డెబ్భై ఏళ్ళ తర్వాత, సుమారు 248లో, ఓరిజెన్ దానికి ఎనిమిది భాగాల జవాబు రాశాడు. సెల్సస్ మాటల్ని ఒక్కొక్కటే ఎత్తి రాసి మరీ కొట్టాడు. తమాషా ఏంటంటే సెల్సస్ పుస్తకం పోయింది. ఇవాళ మనకి దొరికేదంతా ఓరిజెన్ ఎత్తి రాసినంత మేరే.

రెండేళ్ళు తిరక్కుండా డెసియస్ చక్రవర్తి అందరూ దేవతలకి బలి అర్పించి సర్టిఫికెట్ తీసుకోవాలని ఆజ్ఞ ఇచ్చాడు. ఆ సర్టిఫికెట్లు ఈజిప్టు ఇసుకలో నలభైకి పైగా దొరికాయి. నేను ఎప్పుడూ దేవతలకి బలి ఇస్తూనే ఉన్నాను, ఇప్పుడు మీ ఎదుట కూడా ఇచ్చాను, సంతకం పెట్టండి అని అర్జీ. మొసలి దేవుడి పూజారిణి ఒకామె కూడా తీసుకుంది పాపం. ఓరిజెన్‌ని పట్టుకుని, మెడకి ఇనప పట్టీ వేసి, కాళ్ళు కొయ్యలో బిగించి సాగదీశారు. బయటికి వచ్చాక ఎక్కువకాలం బతకలేదు. సెల్సస్‌కి అతను పుస్తకంతో జవాబిచ్చాడు, డెసియస్‌కి ఒంటితో. ఆ రెంటినీ ఒకటే అనుకోలేదు.

తర్వాత అధికారం క్రైస్తవుల చేతికొచ్చింది. పోర్ఫిరీ అనే ఇంకో విమర్శకుడి పుస్తకాలు తగలబెట్టమని 448లో క్రైస్తవ చక్రవర్తులు ఆజ్ఞ ఇచ్చారు. పోర్ఫిరీకి కూడా ఓరిజెన్ రాసినట్టాంటి జవాబు ఒకటి మిగిలి ఉంటే కనీసం అతని వాక్యాలైనా నిండుగా మిగిలేవి.

మన దగ్గరికొస్తే, సినిమా మీద గొడవైన రెండేళ్ళకి, 2008 ఆగస్టులో, పక్కనే ఒడిశా కంధమాల్‌లో స్వామి లక్ష్మణానంద సరస్వతిని చంపేశారు. ఆ హత్య తర్వాత క్రైస్తవుల ఇళ్ళు, చర్చిలు తగలబడ్డాయి. అధికారిక లెక్కల్లోనే దాదాపు నలభైమంది చనిపోయారు. యాభైవేలకి పైగా మనుషులు అడవుల్లోకి, శిబిరాల్లోకి పోయారు. తిరిగి ఊళ్ళోకి రావాలంటే హిందువులుగా మారి రావాలని షరతు పెట్టిన ఊళ్ళున్నాయి. వాళ్ళలో చాలామంది పాణ దళితులు. భూమి తగాదాలు, రిజర్వేషన్ తగాదాలు కూడా అందులో కలిసి ఉన్నాయి, నిజమే. అవి ఉన్నంత మాత్రాన ఆ షరతు షరతు కాకుండా పోదు.

డావిన్సీ కోడ్‌కి వాడేసిన మాటనే కంధమాల్‌కీ వాడాలి. నాకు కోపం ఇక్కడే. పోస్టరు చూసినా హింసే, ఇల్లు తగలబడినా హింసే అంటే, వినేవాడికి రెండోసారి చెవికెక్కదు. "వీళ్ళెప్పుడూ ఇంతే" అంటాడు. ఆ నష్టం పోస్టరు చూసి బాధపడినవాడికి కాదు.

ఇదే కొలతని అటువైపూ వాడాలి. తిరుమల కొండమీద అన్యమత ప్రచారం చెయ్యకూడదనడం హింస కాదు. డిక్లరేషన్ ఇవ్వమనడం డెసియస్ సర్టిఫికెట్ కాదు, ఆ కొండ ఎక్కమని మనల్నెవరూ బలవంతపెట్టలేదు. కాలేజీ ఫ్రెండు మీ వర్జిన్ బర్త్ ఏంట్రా అని నవ్వితే హింస కాదు. ఇంట్లో పదిమంది కూర్చుని చేసుకుంటున్న ప్రార్థనలోకి గుంపు వచ్చి హార్మోనియం పగలగొడితే, ఆపైన కేసు ప్రార్థన చేసినవాళ్ళ మీదే పెడితే, అది వేరే.

ఇంతవరకూ గీత బాగానే నిలబడుతుంది. నా కొలత తడబడే చోటు ఒకటుంది, అది తెలుగునేల మీదే ఉంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డ్ కులాల హోదా మొదట హిందువులకే. 1956లో సిక్కుల్ని చేర్చారు, 1990లో బౌద్ధుల్ని. క్రైస్తవుల్ని చేర్చలేదు. 2025లో మన హైకోర్టుకి ఒక కేసు వచ్చింది. కులం పేరుతో తిట్టి కొట్టారని ఒక పాస్టరు పెట్టిన అట్రాసిటీ కేసు అది. క్రైస్తవంలో కులం లేదు కాబట్టి, చేతిలో ఎస్సీ సర్టిఫికెట్ ఉన్నా, పాస్టరుగా ఉన్న మనిషికి ఆ చట్టం వర్తించదని కోర్టు కేసు కొట్టేసింది. తిట్టినవాళ్ళకి మాత్రం అతనిలో కులం కనిపించింది. మతం మారినా ఊరు కులాన్ని మరిచిపోదన్న సంగతి కల్యాణరావు 'అంటరాని వసంతం'లో తరాలు తరాలుగా చూశాం.

ఇది హింసా? గోతిలో ఎవర్నీ వేలాడదీయలేదు. భేదాభిప్రాయమా? ఇందులో ఎవరి అభిప్రాయమూ లేదు, ఒక ఫారం ఉంది, అందులో ఒక గడి ఉంది. కాదని ఇంటికి వెళ్ళొచ్చు, కానీ ఆ ఇల్లు ఊరి చివర అదే పేటలో ఉంటుంది. నేను దీన్ని హింస వైపే జరుపుతాను, కొంచెం తటపటాయిస్తూనే. నమ్మకానికి రాజ్యం ఒక ధర కట్టింది, ఆ ధర అందరికీ ఒకటి కాదు. పెద్దకులం నుంచి వచ్చిన క్రైస్తవుడికి ఆ గడిలో పోయేదేమీ లేదు.

అందుకే మన ఊళ్ళల్లో చాలామందికి రెండు పేర్లుంటాయి. బాప్తిస్మం పేరు ఏలియా, తహసీల్దార్ ఆఫీసులో వెంకటేశ్వర్లు. ఆదివారం మొదటిది, స్కాలర్‌షిప్ ఫారం మీద రెండోది. ఎండో నవలలో కిచిజిరో అనే పిరికివాడు ఉంటాడు. అడిగిన ప్రతిసారీ పలక తొక్కేస్తాడు, మళ్ళీ ఏడుస్తూ పాదిరి దగ్గరికే వస్తాడు. స్కోర్సేసీ సినిమా చూస్తున్నప్పుడు హాల్లో కొంతమంది అతన్ని చూసి నవ్వారు. నాకు నవ్వు రాలేదు. అలాంటి సంతకాలు పెట్టినవాళ్ళు మా ఇంట్లోనే ముగ్గురున్నారు, ముగ్గురూ ఆదివారం ముందు వరసలోనే కూర్చుంటారు.