ఎవరన్నారు మేడమ్?

ఆగస్టు 29 గిడుగు రామమూర్తి గారి పుట్టినరోజు. తెలుగు భాషా దినోత్సవం అంటే మా కాలేజీలో తోరణాలు కట్టించడం నుంచి మైకువాడికి ఫోన్ చేయడం దాకా అన్నీ తెలుగు శాఖ పనులే. తెలుగు శాఖ అంటే నేనూ, వారానికి మూడు రోజులు వచ్చే గెస్ట్ లెక్చరరూ. మూడేళ్ళ కిందట ఆ రోజున మైకు ముందు నిలబడి, "ప్రపంచంలోని లిపులన్నిటిలో మన తెలుగు లిపి రెండోదని సాక్షాత్తూ యునెస్కోయే తేల్చింది" అన్నాను. చప్పట్లు బాగానే పడ్డాయి. సభ అయ్యాక కుర్చీలు సర్దుతూ బీకాం రెండో ఏడాది అమ్మాయి ఒకతి అడిగింది: "మేడమ్, యునెస్కో ఎప్పుడు చెప్పింది? వ్యాసరచనలో రాసుకుందామని. ఎక్కడుంది?"

ఎక్కడుందంటే ఏం చెప్పను? వాట్సాప్‌లో ఉంది.

"చూసి చెప్తానమ్మా" అని అప్పటికి తప్పించుకున్నాను. ఆ రాత్రి వెతికితే అది యునెస్కో సైట్లో తప్ప అన్నిచోట్లా ఉంది. ఒప్పేసుకుందామా, ఊరుకుందామా అని ఒక పూటంతా కొట్టుమిట్టాడాను. అంతకు ముందు రెండేళ్ళుగా పిల్లలకి ఇంటర్నెట్‌లో వెతకడం నేర్పాలని అవస్థ పడుతున్నాను. నేను చేసిందల్లా నమ్మదగిన వెబ్‌సైట్లంటూ ఒక జాబితా జిరాక్సు తీయించి పంచడం. దాన్ని ఒక్కరూ తెరిచిన పాపాన పోలేదు. వాళ్ళ లోకమంతా వాట్సాప్, యూట్యూబ్, ఇన్‌స్టాగ్రామ్. నేనేమో ఆ లోకం నుంచి బయటికి రమ్మని పిలుస్తున్నాను. ఈసారి నేనే లోపలికి వెళ్దామనుకున్నాను, అదీ నా తప్పు పట్టుకుని.

మర్నాడు క్లాసులో సంగతి చెప్పేసి, ఫోన్లు బయటికి తీయమన్నాను. ప్రిన్సిపాల్ గారి అనుమతి ముందే తీసుకున్నాను లెండి. ముప్పై ఒక్క మందిలో ఇరవై ఆరుగురి దగ్గర ఫోన్లున్నాయి, నలుగురి ఫోన్లలో డేటా లేదు. హాట్‌స్పాట్లు ఇచ్చి పుచ్చుకుని పనిలో పడ్డారు.

పది నిమిషాల్లో ఒకబ్బాయి లేచి, "దొరికింది మేడమ్, నలభై చోట్ల ఉంది" అన్నాడు. ఏవో రెండు చదవమన్నాను. చదివాడు. రెండిట్లోనూ ఒకటే వాక్యం. ఇంకో రెండు. అవే మాటలు, ఒకచోట పడిన అచ్చుతప్పుతో సహా. వాడే నాలిక కరుచుకున్నాడు. ఒకే ఇంట్లోంచి తెచ్చుకున్న తోడుతో నలభై ఇళ్ళవాళ్ళు పెరుగు తోడుపెట్టుకుంటే, అది నలభై రకాల పెరుగు అవుతుందా? ఆ రోజు నేను చెప్పిన పాఠం ఆ ఒక్కటే. తోడు ఎవరింటిదో కనుక్కోండి అన్నాను.

దానికి కావలసిన పనిముట్లు ఏమంత గొప్పవి కావు. గూగుల్లో తేదీకి హద్దు పెట్టుకోవచ్చు. ఎక్స్‌లో అయితే వెతికే మాట పక్కన 'అంటిల్' అని కొట్టి, చుక్కమీద చుక్క పెట్టి, సంవత్సరం, నెల, రోజు రాస్తే అంతకు ముందువే వస్తాయి. యూట్యూబ్ వీడియో కింద ఎక్కించిన తేదీ ఉంటుంది. తెలుగు వికీపీడియాలో ప్రతి వ్యాసానికీ పైన 'చరిత్ర' ఉంటుంది. ఏ వాక్యం ఎప్పుడు చేరిందో, ఎవరు తీసేశారో అందులో తేదీలతో సహా కనబడుతుంది. రోజూ వికీపీడియా కాపీ కొట్టే పిల్లలే, దాని తలమీద ఆ మాట ఉందని అప్పుడే చూశారు.

అలా వెనక్కి వెనక్కి నడిచి 2012 చివరి నెలల దగ్గర ఆగాం. తిరుపతిలో నాలుగో ప్రపంచ తెలుగు మహాసభలు జరిగిన రోజులవి. అక్కడి నుంచి దారి కనబడలేదు. తెలుగులో లేదు, ఇంగ్లీషులో ఉన్నదంతా మన వాళ్ళు రాసుకున్నదే.

దారి చూపించింది నేను కాదు. వెనక బెంచీలో కూర్చుని ఎప్పుడూ కొరియన్ సీరియళ్ళ గురించి గుసగుసలాడే అమ్మాయి. "మేడమ్, మనది రెండోదైతే మొదటిది ఎవరిదంట?" అంది. నిజమే, ఇన్నేళ్ళుగా ఈ మాట చెప్తున్నాను గానీ, మొదటిది ఎవరిదో అడగాలని నాకెప్పుడూ తోచలేదు. మొదటిది కొరియా వాళ్ళ హంగుల్. "అయితే వాళ్ళ భాషలోనే వెతుకుదాం" అని గూగుల్ ట్రాన్స్‌లేట్‌లో మాట మార్చుకుంది. సరిపోలేదు. ఇన్‌స్టాగ్రామ్‌లో కొరియన్ నేర్చుకునేవాళ్ళ పేజీ ఒకటి ఉందట, రాత్రి అక్కడ అడిగింది. తెల్లారేసరికి ఎవరో సరైన మాట రాసిచ్చారు. దాంతో వెతికితే పత్రికల వార్తలు వరసగా పడ్డాయి.

సంగతి ఇదీ. 2012 అక్టోబరు 1 నుంచి 4 దాకా బ్యాంకాక్‌లో ప్రపంచ లిపుల ఒలింపిక్స్ అనే పోటీ జరిగింది. 27 లిపులు పాల్గొన్నాయి. హంగుల్‌కి మొదటి స్థానం, తెలుగుకి రెండోది, ఇంగ్లీషుకి మూడోది. యునెస్కోకి దీనితో సంబంధం లేదు. పోటీ పుట్టిందే కొరియా వాళ్ళ చేతుల్లో. అంతకు ముందు 2009లో మొదటి పోటీ జరిగితే అందులోనూ హంగులే గెలిచింది. అక్టోబరు 9 వాళ్ళకి హంగుల్ దినోత్సవం కూడానూ.

క్లాసు కాసేపు చప్పబడిపోయింది. ఆ నలభై చోట్ల పిల్లాడే అన్నాడు: "అంటే మేడమ్, వాళ్ళింటి పెళ్ళిలో మనకి రెండో బంతిలో విస్తరి వేశారన్న మాట." అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. నవ్వాక పెద్ద చర్చే నడిచింది. ఇంతకీ ఆ ఫార్వర్డ్ అబద్ధమా? పోటీ జరిగింది కదా, రెండో స్థానం వచ్చింది కదా. యునెస్కో ఎక్కడ అతుక్కుంది? 'ఒక పోటీలో' అన్నది 'ప్రపంచంలో' ఎప్పుడయింది? నిజం, అబద్ధం అని ముద్ర కొట్టి పంపేసే ఫ్యాక్ట్ చెక్‌ల మీద నాకు గౌరవం ఉంది గానీ, పాఠానికి అవి చాలవు. ముద్ర చూడగానే పిల్లలు పేజీ మూసేస్తారు. ఒక మాటకి దారిలో ఏమేం అంటుకున్నాయో విప్పి చూడటంలో ఉన్న రుచి వాళ్ళకి దక్కదు.

అప్పటి నుంచి మా క్లాసుకి ఒక వాట్సాప్ గ్రూపు నడుస్తోంది. పేరు 'దారి'. జవాబు పెడితే మార్కుల్లేవు. ఎక్కడ మొదలెట్టావు, ఏం టైపు చేశావు, ఎక్కడ మలుపు తిరిగావు, ఎక్కడ ఆగిపోయావు, ఈ నాలుగూ రాయాలి. స్క్రీన్‌షాట్ ఒక్కటే పెడితే చెల్లదు, లింకు ఉండాలి. చాలాసార్లు ఫార్వర్డ్ అయిందని చెప్పే జంట బాణాల గుర్తున్న మెసేజ్ ఎవరికి వస్తే వాళ్ళు గ్రూపులో పడేయాలి. 2018లో పిల్లల్ని ఎత్తుకుపోతున్నారన్న పుకార్లతో దేశంలో మనుషుల ప్రాణాలే పోయాక, వాట్సాప్ మన దగ్గర ఒక మెసేజ్‌ని ఒకేసారి ఐదు చాట్లకి మించి పంపనివ్వడం మానేసింది. ఆ బాణాలు ఆ తర్వాత వచ్చినవే. వాటిని మా పిల్లలు ఎప్పుడూ చూస్తూనే ఉన్నారు, అర్థం మాత్రం ఎవరికీ తెలియదు.

తర్వాతి లెక్క 'ఇటాలియన్ ఆఫ్ ది ఈస్ట్'. నికోలో కాంటి అనే వెనిస్ వర్తకుడు పదిహేనో శతాబ్దంలో విజయనగరానికి వచ్చి, తెలుగు విని ఆ మాట అన్నాడని మన పాఠ్యపుస్తకాల దగ్గర్నుంచి మంత్రుల ప్రసంగాల దాకా ఉంటుంది. ఆయన రావడం నిజమే. చూసినవన్నీ పోప్ గారి కార్యదర్శి పోజ్జో లాటిన్‌లో రాసిపెట్టాడు. దాని ఇంగ్లీషు అనువాదం 1857లో అచ్చయింది. ఇంటర్నెట్ ఆర్కైవ్ సైట్లో ఊరికే చదువుకోవచ్చు, లోపల మాట వెతుక్కోవచ్చు. పిల్లలు రెండు రోజులు దువ్వారు. ఆ మాట దొరకలేదు. వెనక్కి వెళ్తే పందొమ్మిదో శతాబ్దపు దొరల పుస్తకాల దగ్గర ఆగింది. వాళ్ళూ 'అంటారు' అన్నారే గానీ ఎవరంటారో చెప్పలేదు.

"చాట్‌జీపీటీని అడిగితే రెండు సెకన్ల పని కదా మేడమ్?" అని ఎవరో ఒకరు ప్రతి ఏడూ అంటారు. అడగమంటాను. జవాబు వచ్చాక, ఆ బీకాం అమ్మాయి నన్నడిగిన 'ఎక్కడుంది?' అన్న ప్రశ్నే దాన్నీ అడగమంటాను.

తెలుగులో వెతకడం వేరే ఓపిక. ఆర్కైవ్‌లో మన పాత పుస్తకాలు వేలల్లో ఉన్నాయి గానీ, చాలావాటి పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో, మధ్య మధ్య అపాస్ట్రఫీ గుర్తులతో ఉంటాయి. 'ఆంధ్రుల చరిత్రము' అని తెలుగులో కొట్టి లేదనుకుని వెళ్ళిపోయిన పిల్లలు, అదే పేరుని వాట్సాప్‌లో చాటింగ్ చేసుకున్నట్టు ఇంగ్లీషు అక్షరాల్లో నాలుగు రకాలుగా కొట్టి పట్టుకున్నారు. ఆ విద్య నేను నేర్పింది కాదు. అర్ధరాత్రి చాటింగుల్లో వాళ్ళంతట వాళ్ళు సాధించింది.

ఈ ఏడాది ఆగస్టులో కొత్త బ్యాచ్‌కి ఒక హోంవర్క్ ఇచ్చాను. ఎవరి ఫోన్లో వాళ్ళు 'లిపి' అని వెతికి, ఈ రెండో స్థానం మెసేజ్ మొదటిసారి ఎవరి నుంచి వచ్చిందో పట్టుకురావాలి. నేనూ వెతికాను. మా చుట్టాల గ్రూపులో ఇలాంటివన్నీ పెట్టేది మా పిన్ని. పొద్దున్నే గులాబీ పువ్వుతో మొదలెడుతుంది. ఆవిడ దగ్గరే నేను చదివి ఉంటానని మూడేళ్ళుగా ఆవిడ మీదే పెట్టుకున్నాను, ఒకటి రెండుసార్లు పైకి అన్నాను కూడా. వేలు నొప్పెట్టేలా పైకి జరుపుకుంటూ పోతే 2016 ఆగస్టు 29 దగ్గర ఆగింది. పెట్టింది నేను. కింద పిన్ని రెండు చేతులూ జోడించిన దణ్ణం బొమ్మ పెట్టి, "మంచి సంగతి చెప్పావే, మా వాళ్ళందరికీ పంపిస్తాను" అని రాసింది.