కృష్ణారెడ్డి ముద్రణ చిత్రాలలో ప్రకృతి: వస్తు శిల్పాల అభేదం

తెలుగు విమర్శలో 'శిల్పం' అన్న మాటకు రెండు అర్థాలు స్థిరపడ్డాయి. రాతినో లోహాన్నో మలచిన రూపం ఒకటి. రచనా నిర్మాణ పద్ధతి మరొకటి. వల్లంపాటి వెంకటసుబ్బయ్య గ్రంథనామం 'కథాశిల్పం' ఈ రెండవ అర్థానికి సుపరిచితమైన ఉదాహరణ. ఈ రెండర్థాలూ ఒకేచోట కలిసిన కృషి కృష్ణారెడ్డిది (1925–2018). చిత్తూరు జిల్లా నందనూరులో పుట్టిన ఆయన శాంతినికేతనంలో నందలాల్ బోస్ వద్ద, లండన్‌లో హెన్రీ మూర్ వద్ద, పారిస్‌లో జాడ్కిన్ వద్ద విద్యనభ్యసించి, హేటర్ నడిపిన 'అటెలియే 17'లో చిత్రముద్రణను తన ప్రధాన మాధ్యమం చేసుకున్నాడు. ఆయన ప్రస్తావన వచ్చినప్పుడల్లా స్నిగ్ధతా ముద్రణ అనే సాంకేతిక విశేషం ముందుకు వస్తుంది. ప్రకృతి ఆ ముద్రణకు దొరికిన ఇతివృత్తంగా వెనుక నిలుస్తుంది. ఈ విభజన సరికాదని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

ఆ పద్ధతి స్వభావాన్ని ముందుగా గమనించాలి. లోహఫలకాన్ని వేర్వేరు లోతులలో చెక్కుతారు, ఆమ్లంతో తినిపిస్తారు. అవిసె నూనె ఎక్కువ కలిపిన పలుచని సిరాను గట్టి రోలరుతో దొర్లిస్తే అది ఎత్తైన తలాలకే అంటుతుంది. నూనె తక్కువైన చిక్కని సిరాను మెత్తని రోలరుతో దొర్లిస్తే అది పల్లాలను చేరుతుంది. పలుచని సిరా ఉన్నచోట నిలవదు. ఈ విధంగా ఒకే ఫలకం నుంచి, ఒకే ఒత్తిడితో, పలు రంగుల చిత్రం వెలువడుతుంది. ఫలకం ఇక్కడ గీతలు మోసే పలక కాదు, ఎత్తుపల్లాలున్న ఒక చిన్న భూభాగం. శిల్పిగా పొందిన శిక్షణ ముద్రణలోకి ప్రవేశించిన చోటు ఇదే.

1963 నాటి 'సుడిగుండం' ఇందుకు బలమైన నిదర్శనం. అందులో తీరం లేదు, చూసే మనిషి లేడు. వలవలె అల్లుకున్న రేఖలు కేంద్రం చుట్టూ తిరుగుతాయి. నీటి రూపం చిత్రితమైందనడం కన్నా, నీటి గమన సూత్రం ఫలకంలో నిర్మితమైందనడం సమంజసం. పల్లాన్ని వెదకడం, పరస్పరం కలవకపోవడం, తలాన్నిబట్టి దారి మార్చుకోవడం అనే ద్రవ ధర్మాలే చిత్రంలోని వస్తువు, అవే దాని నిర్మాణం కూడా.

అయితే దీనిని పర్యావరణ కళ అనవచ్చునా? ఆ చిత్రంలో కాలుష్యం లేదు, నిరసన లేదు. పైగా లోహమూ ఆమ్లమూ ఉపయోగించే మాధ్యమం నిరపాయకరమైనదని వాదించలేము. కనుక ఆ పేరును ఆయనకు తగిలించడం అతివ్యాప్తి దోషమే అవుతుంది. కానీ పర్యావరణ స్పృహకు ముందుండవలసిన ఒక దృష్టి ఇక్కడ ఉన్నది: ప్రకృతి మనిషి ఎదుట పరచిన దృశ్యం కాదు, మనిషి కూడా లోబడిన ప్రక్రియ. 1968 పారిస్ విద్యార్థి ఉద్యమ నేపథ్యంలో వచ్చిన 'ప్రదర్శకులు'లోని నిలువెత్తు మానవాకృతులను ఈ దృష్టితో చూస్తే, ఆ గుంపు ఒకే నేలలో మొలిచిన తోపువలె కనిపిస్తుంది.

ఈ పరిశీలన మన పర్యావరణ విమర్శకూ అవసరమైనదే. కవితలో ఎన్ని చెట్లు, ఎన్ని ఎండిన చెరువులు ఉన్నాయని లెక్కించి స్పృహను నిర్ణయించడం మనకు సులభమైన అలవాటు. చెరువు ఎండిందని చెప్పే కవిత, వాక్యగతిలో గానీ విరామంలో గానీ ఆ ఎండను అనుభవింపజేయకపోతే, అందులో ప్రకృతి కేవలం ప్రస్తావనగానే మిగులుతుంది. వస్తువును ఒకచోట, శిల్పాన్ని మరొకచోట తూచే పద్ధతికి ఈ తేడా అందదు. 'శిల్పం' అన్న మాట మొదటి అర్థాన్ని రెండవ అర్థంలోకి తిరిగి తెచ్చుకుంటేనే ఆ తేడాను గుర్తించగలం. కృష్ణారెడ్డి ఫలకాలు అందుకు తగిన ఆధారం.