గోడకీ ఓ అంచు

ఇల్లు కట్టుకునే ప్రతి ఇంటా ఒక పేచీ తప్పదు. "గోడలు నున్నగా ఉంటే చాలు, ఆ పువ్వులూ లతలూ దుమ్ము పట్టడానికి కాకపోతే ఎందుకూ?" అంటాడు ఇంటాయన. "ఇంత డబ్బు పోసి కట్టి, ముఖాన బొట్టయినా లేకపోతే ఎలాగండీ?" అంటుంది ఇల్లాలు. చివరికి నెగ్గేది మాత్రం మేస్త్రీ! హైదరాబాదు పాతబస్తీలో, ఉప్పుగూడ వంటి పేటల్లో కొత్తగా లేచిన మేడల్ని చూడండి. వీధివైపు మెరిసే పలకలు, సిమెంటు పోతపువ్వులు, రంగు గాజు. పక్కకి తిరిగి చూస్తే పూతకైనా నోచుకోని ఇటుక. ఈ ముందు వేషానికి "ఎలివేషన్" అని ముద్దుపేరు.

ఈ పేచీ మనింట్లో పుట్టింది కాదు. అలంకారం నేరంతో సమానమని 1910లో వియన్నాలో ఉపన్యసించాడు అడాల్ఫ్ లోస్ అనే వాస్తుశిల్పి. అది పనివాడి శ్రమనీ, కొనేవాడి డబ్బునీ దండగ చేస్తుందని ఆయన వాదన. ఆడవాళ్ళు సొంత సంపాదన మీద నిలబడిననాడు పట్టుబట్టలూ, పూలూ, రిబ్బన్లూ వాటంతటవే మాయమవుతాయని అంతకు ముందే రాసిపెట్టాడు కూడా. ఉద్యోగాలు చేస్తున్న మన అమ్మాయిలు చీరల దుకాణంలో గడిపే వేళలు చూస్తే ఆ జోస్యం ఫలించినట్టు కనిపించదు!

లోస్ కంటే ముందే ఈ విషయాన్ని లోతుగా ఆలోచించినవాడు అమెరికాలో ఉన్నాడు. ఆయన లూయీ సలివన్. ఉక్కు చట్రం మీద ఆకాశాన్నంటే కట్టడాలు లేపిన తొలితరం వాడు. కట్టడం రూపం దాని పనిని బట్టే రావాలని 1896లో రాసిందీ ఆయనే. ఈ మాట పట్టుకుని తరవాతివాళ్ళు గోడలన్నీ బోడిచేశారు గాని, అదే ఏడు బఫెలో నగరంలో పూర్తయిన ఆయన గ్యారంటీ బిల్డింగు చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. పదమూడంతస్తుల కట్టడం, ఒంటినిండా కాల్చిన మట్టిపలకల మీద చెక్కిన ఆకులూ లతలూ!

మరి మాటకీ చేతకీ పొత్తు లేదా? ఉంది. 1892లో రాసిన వ్యాసంలో, కొన్నేళ్ళు నగలన్నీ తీసి పక్కన పెడితే మనకే మంచిదన్నాడు సలివన్. ముందు ఒడ్డూ పొడుగూ, తీరూ తెన్నూ కుదరాలి. ఆ తరవాత వచ్చే అలంకారం గోడలోంచి మొలిచినట్టుండాలి గాని, తెచ్చి అతికించినట్టుండకూడదు. తీసేస్తే కట్టడానికే లోటనిపించాలి.

చికాగోలో స్టేట్ వీధి మూలమీద 1899 నుంచి 1904 దాకా ఆయన కట్టిన బట్టల దుకాణం ఈ మాటకు సాక్ష్యం. కింది రెండంతస్తులకీ పోత ఇనుముతో అల్లిన లతలు. బజారుకొచ్చిన ఇల్లాలు అద్దాల దగ్గర ఆగుతుంది, ఆమె కంటికి అందేది ఆ మేరే కదా! పైకి వెళ్ళేసరికి తెల్లటి సాదా పలకలు, వెడల్పాటి కిటికీలు. ఇది మనకు తెలియని లెక్కా? అంచు నిండుగా, ఒళ్ళు సాదాగా ఉన్న చీర ఇదే సూత్రం మీద నేసింది. ఏ నేతగాడూ ఒళ్ళంతా అంచు నెయ్యడు.

ఇక మన పక్కకు వద్దాం. ఉప్పుగూడ నుంచి ఆటోలో కొద్ది దూరం పోతే పిసల్‌బండలో పైగా ప్రభువుల సమాధులున్నాయి. 18వ శతాబ్దం చివర మొదలై ఆ తరవాతి శతాబ్దమంతా పెరుగుతూ వచ్చినవి. చార్మినారు చూసే యాత్రికుల్లో ఇక్కడిదాకా వచ్చేవాళ్ళు తక్కువ. గోడలనిండా గచ్చుపని, లతలూ, జాలీలూ. జాలీ నక్షాలు ఒకదాన్ని పోలి ఒకటి ఉండకుండా మార్చుకుంటూ పోయారు. అవి ఒట్టి సొగసుకి పెట్టినవీ కావు. గాలిని లోపలికి రానిస్తాయి, ఎండని జల్లెడ పడతాయి. అలంకారం పని చేస్తోందన్నమాట! నా మట్టుకు నాకు కొన్నిచోట్ల నగ కాస్త ఎక్కువైందనిపిస్తుంది. పెళ్ళికూతురి మెళ్ళో ఇరువైపులవాళ్ళూ పోటీపడి వేసినట్టు, కంటికి ఆనుకునే చోటుండదు. అయినా ఒక్కటీ అతుకు అనిపించదు. అదెలా?

రహస్యం సున్నంలో ఉంది. నానబెట్టి గానుగలో నూరిన సున్నం మెల్లగా గట్టిపడుతుంది. బెల్లం, కరక్కాయ, మినుములు వంటి వంటింటి సరుకులు కలపడం మన పాత సున్నం పనిలో మామూలే. గోడకు మెత్తిన సున్నం పచ్చిగా ఉండగానే పనివాడు దాన్ని దిద్దుతాడు, కోస్తాడు, నునుపు చేస్తాడు. గోడా పువ్వూ ఒకే పదార్థం, ఒకే చెయ్యి. సిమెంటుకి అంత ఓర్పు లేదు. గంటల్లో బిగుసుకుంటుంది. అందుకే అచ్చులో పోసి, ఎండబెట్టి, తెచ్చి అతికిస్తారు.

అయితే అచ్చుపోతతో అందం రాదనీ అనలేం. సలివన్ దగ్గర పని నేర్చిన ఫ్రాంక్ లాయిడ్ రైట్ 1923, 24లలో కాలిఫోర్నియాలో నక్షా అచ్చుపోసిన సిమెంటు దిమ్మలతోనే ఇళ్ళు కట్టాడు. కొన్నిటిలో దిమ్మల మధ్య ఇనుప ఊచల్ని పడుగుపేకల్లా దూర్చాడు. అక్కడ పువ్వే ఇటుక, ఇటుకే గోడ. అతుకన్న మాటే లేదు. తరవాత ఆ దిమ్మల్లోకి నీరు చేరి మరమ్మతులకి వేలూ లక్షలూ పోశారనుకోండి, అది వేరే కథ.

కాబట్టి తప్పు సిమెంటుదీ కాదు, పువ్వుదీ కాదు, అతుకుది. పాతబస్తీలో ఇంకా మిగిలిన సున్నపు గోడలున్న ఇల్లాళ్ళకి ఒక్క మాట. పెచ్చులూడితే పైన సిమెంటు పూయించకండి. తేమ లోపల చిక్కుకుని, ఉప్పు పొంగి, ఉన్న పనితనం కూడా రాలిపోతుంది. పైగా సమాధుల్ని ఈమధ్య ఆగాఖాన్ ట్రస్టువాళ్ళు అమెరికా ప్రభుత్వ సాయంతో బాగుచేయించినప్పుడూ సున్నంతోనే చేయించారు. ఆ పని తెలిసిన చేతులు తక్కువైపోతున్నాయి. పని చెప్పేవాళ్ళుంటేనే పని నిలుస్తుంది.

కొత్తిల్లు కట్టేవాళ్ళు మాత్రం ముఖమంతా పలకలు అతికించే డబ్బుతో, రోజూ చెయ్యి తగిలే గడపనో, గాలాడే జాలీనో మంచి పనివాడిచేత చేయించుకుంటే చాలు. ఆషాఢంలో ఉప్పుగూడ మహంకాళికి బోనమెత్తే ఇల్లాలిని చూడండి. కుండకు పసుపు పూసి, కుంకుమ పెట్టి, వేపమండలు కట్టి తలకెత్తుకుంటుంది. అవన్నీ తీసేస్తే ఖర్చు కొంత తగ్గుతుంది నిజమే, కాని మిగిలేది కుండ. బోనం కాదు.