తడి ఆరకముందే

ఝరాసంగంలో కేతకీ సంగమేశ్వరుడి గుండం ఒడ్డున నిలబడి నీళ్ళను సెల్‌ఫోన్‌లో తీయడం రెప్పపాటు పని. నూట అరవై ఏళ్ళ కిందట సముద్రాన్ని ఫోటో తీసినవాళ్ళ శ్రమ తలుచుకుంటే మాత్రం నాకు చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది.

1851లో ఫ్రెడరిక్ స్కాట్ ఆర్చర్ వెల్లడించిన తడి పలక పద్ధతి వాళ్ళది. గాజు పలక మీద కొలోడియన్ అనే జిగురు ద్రవాన్ని సమంగా పారించాలి. సిల్వర్ నైట్రేట్‌లో ముంచాలి. తడి ఆరకముందే కెమెరాలో పెట్టి బొమ్మ తీసి, వెంటనే చీకట్లో కడగాలి. మొత్తం పావుగంట, ఎండ మండితే ఇంకా తక్కువ. అందుకే చీకటి గుడారం, మందు సీసాలు, మంచినీళ్ళు అన్నీ ఒడ్డుదాకా మోసుకెళ్ళేవారు. ఇసుక రేణువు ఒక్కటి అంటుకున్నా పలక పాడే.

సముద్రంతో ఇంకో చిక్కు. ఆ పలకకు నీలి వెలుగంటే మహా ఆత్రం. అలల బొమ్మ పలక మీద పడేలోపే ఆకాశం వట్టి తెల్లగా అయిపోయేది. ఫ్రాన్స్‌లో గుస్తావ్ లె గ్రే 1856-57 ప్రాంతంలో కొన్ని చిత్రాలకు ఆకాశానికో పలక, నీళ్ళకో పలక తీసి, నీరూ నింగీ కలిసే గీత దగ్గర అతికించి ఒకే కాగితం మీద అచ్చు వేశాడు. ఎంత ఓపిక, ఎంత పనితనం!

మన తెలంగాణ వైపు సముద్రం లేదు. కానీ ఆరో నిజాం కొలువులో ఫోటోగ్రాఫర్ లాలా దీన్‌దయాళ్ ఉండేవారు. సికింద్రాబాద్‌లో స్టూడియో పెట్టి, 1894లో ముసవ్విర్ జంగ్ బిరుదు పొందారు. అప్పటికి పొడి పలకలు వచ్చి తొందర తగ్గినా గాజు బరువు తగ్గలేదు. ఆ రోజుల్లో అచ్చులు ఎక్కువగా కోడిగుడ్డు తెల్లసొన పూసిన కాగితం మీదే, ఎండలో పెట్టి తీసేవారు.